ఒక్క లైను పెట్టి నెట్‌వర్క్‌ను తిట్టొద్దు

సంపాదకులకు,

ఆసుపత్రి అపాయింట్‌మెంట్ నంబరుకు ఎప్పుడు కొట్టినా ఎంగేజ్ వస్తే జనం తిట్టేది నెట్‌వర్క్‌నే. తప్పెక్కడుందో ల్యాండ్‌లైన్‌లో టోనే చెబుతుంది. ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంటే అవతలి లైను బిజీ. పావు సెకను చొప్పున గబగబా కొట్టుకుంటుంటే దారిలో లైన్లు ఖాళీ లేవు. కంపెనీని నిలదీయాల్సింది ఈ రెండోదానికే. మొదటి సందర్భంలో అవతలి ఎక్స్ఛేంజి ‘బిజీ’ అని కబురంపి కాల్ తెంపేస్తుంది, అంతే. క్యూలో నిలబెట్టదు. కాబట్టి పదిసార్లు రీడయల్ చేసినా మీ వంతు ముందుకు జరగదు.

గంటకు పది కాల్స్, ఒక్కోటి మూడు నిమిషాలు అనుకుందాం. అన్నీ కలిపినా అరగంటే, ఒక్క లైను చాలదా అనిపిస్తుంది. చాలదు. కాల్స్ ఒకటి ముగిశాక ఒకటి రావు కదా! డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రంతో లెక్కేస్తే, ఒక్క లైనుంటే ముగ్గురిలో ఒకరికి ఎంగేజే. రెండుంటే నూటికి ఎనిమిది మందికి, మూడుంటే ఒకరికి. మళ్లీ మళ్లీ కొట్టేవాళ్లను కలుపుకుంటే ఇంకా ఎక్కువే.

అలాగని బోర్డు మీద మూడు నంబర్లు రాస్తే అందరూ మొదటిదానికే కొడతారు. హంటింగ్ అడిగి పెట్టించుకోవాలి: బయటికి ఒకటే నంబరు, అది బిజీ అయితే ఎక్స్ఛేంజే పక్క లైనుకు మళ్లిస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. రాగి తీగ తెగిన లైను ఎక్స్ఛేంజికి ఖాళీగానే కనిపిస్తుంది. వరుసలో మొదటిదే తెగితే వచ్చిన ప్రతి కాలూ దానిమీదికే పోతుంది. చేసినవారికి రింగ్ వినిపిస్తూనే ఉంటుంది, ఎత్తే దిక్కుండదు. అందుకే పొద్దున్నే ప్రతి రిసీవరూ ఎత్తి డయల్‌టోన్ ఉందో లేదో చూసుకోవాలి.

మొబైల్‌తో నెట్టుకొచ్చే క్లినిక్‌లకు ‘బిజీ అయితే ఫార్వర్డ్’ ఉంది. కానీ కాల్ వెయిటింగ్ ఆన్‌లో ఉంటే ఆ ఫోను నెట్‌వర్క్ లెక్కలో బిజీయే కాదు. కాల్ రెండో ఫోనుకు పోదు. #43# కొట్టి వెయిటింగ్ తీసేసి, *#43#తో సరిచూసుకోవాలి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోనే తీయాలి.

ప్రభుత్వ ఆసుపత్రులు కొత్త నంబరు ప్రకటించేటప్పుడు దాని వెనక ఎన్ని లైన్లున్నాయో కూడా ప్రకటించాలని మనవి.

– టెలిఫోన్ ఎక్స్ఛేంజి విశ్రాంత ఉద్యోగి, తెనాలి