రెండో గీత కథ

ఒసేయ్ సుజాతా,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. "పిల్లలు పుట్టకుండా టీకా ఏమిటే, కడుపేమన్నా మశూచా?" అని అడిగావు. సరిగ్గా గిచ్చావు.

ప్రెగ్నెన్సీ కిట్ మీద మూడు చుక్కలు వేసి, రెండో గీత పడుతుందా లేదా అని బాత్రూంలో ఊపిరి బిగబట్టి నిలబడతాం చూడు, ఆ గీత హెచ్‌సీజీ అనే హార్మోన్ చలవ. కుదురుకుంటున్న పిండమే దాన్ని వదుల్తుంది, "నేనొచ్చాను, ఈసారికి నెలసరి ఆపండి" అని కబురన్నమాట. కబురు అందలేదా, నెలసరి మామూలుగా వచ్చేస్తుంది. ఢిల్లీలో గురుశరణ్ ప్రసాద్ తల్వార్ అనే శాస్త్రవేత్త ఆ కబురును దారిలోనే పట్టేద్దామనుకున్నాడు. కానీ మన ఒంట్లో తయారయ్యేదాని మీద మన ఒళ్లు తిరగబడదు కదా! అందుకని హెచ్‌సీజీలో ఒక ముక్కకి గొర్రె హార్మోన్ ముక్క జతచేసి, ఆ జంటను ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) టీకాల్లో వాడే సరుకుకు తగిలించాడు. దొంగ పక్కన నిలబడ్డ పాపానికి పోలీసులు పక్కవాణ్ణి కూడా జీపెక్కిస్తారే, అలాగ.

పనిచేసింది కూడానే! 1994లో లెక్కలు బయటపెట్టారు. 148 మంది పిల్లల తల్లులకు వేస్తే 119 మందికి ఆ హార్మోన్‌ను పట్టేసే యాంటీబాడీలు కావల్సినంత వచ్చాయి. అవి ఆ మోతాదులో ఉన్నంతకాలం, 1224 నెలసరుల్లో ఒక్కటంటే ఒక్క గర్భం. తగ్గాక మళ్లీ నెల తప్పారు.

నాకు మాత్రం ఆ మిగతా 29 మంది గుర్తొస్తారు. సూది అందరికీ ఒకటే, ఎవరికి పట్టిందో రక్తం తీసి చూస్తే గానీ తెలీదు. మన ఊరి సబ్‌సెంటర్లో ఎవరు చూస్తారే? బీపీ మిషనే నెలకోసారి పాడవుతుంది. మాత్రయితే మానేస్తాం, కాపర్‌టీ అయితే తీయించుకుంటాం. ఒంట్లోకి పోయిన సూదిని ఎలా వెనక్కి లాగేది? 1993లో దేశదేశాల మహిళా సంఘాలు ఈ పరిశోధనే ఆపమన్నది అందుకే. ఇప్పటికీ అది మందుల షాపు మెట్లెక్కలేదు.

అమెరికాలో అసాటీగ్ దీవి ఆడగుర్రాలకి మాత్రం ఇంకో రకం టీకా, పంది అండాశయాల నుంచి తీసింది, తుపాకీతో దూరం నుంచి కొట్టేవారట. గుర్రాన్ని అడిగేదెవరు!

అలాగని నేను తల్వార్‌ను తిట్టలేను. తమ్ముడు పుట్టాక అమ్మకి కు.ని. ఆపరేషన్ క్యాంపులో చేశారు. స్కూలు వరండాలో చాపమీద వరసగా పడుకోబెట్టారు. సాయంత్రం అమ్మ పొత్తికడుపు పట్టుకుని వంగి వంగి నడిచి రిక్షా ఎక్కింది. నాన్న ఆపరేషన్ మాట ఆ ఇంట్లో ఒక్కరి నోటా రాలేదు. ఇప్పుడూ అంతేలే. 2019-21 సర్వేలో ఆంధ్రాలో పెళ్లయిన ఆడవాళ్లు పదిమందిలో దాదాపు ఏడుగురు ఆపరేషన్ అయినవాళ్లే. మగాళ్లు నూటికి ఒక్కడు కూడా లేడు. సూదితో పోయేదాన్ని కత్తిదాకా తెచ్చుకున్నామా అనిపిస్తుంది ఒక్కోసారి.

మీ అమ్మది కూడా ఆ క్యాంపులోనేనా? ఈసారి వెళ్లినప్పుడు అడిగి రాయి. పిన్ని చెప్పదు, తెలుసు. నువ్వు కాళ్లకి నూనె రాస్తూ మెల్లగా కదుపు.

నీ
రమ