పద్మా, నీ నాచు క్రీము సంగతి

ఏమే పద్మా,

నీ మెసేజ్ చదివి నవ్వాగలేదు. నాచు క్రీము రాస్తే థైరాయిడ్ ముదురుతుందని మీ ఆడపడుచు, మొటిమలొస్తాయని పక్కింటావిడ, క్యాన్సరని ఇంకెవరో! నువ్వేమో అంత డబ్బు పోసి కొన్న డబ్బాని మూత తీయకుండా బీరువాలో పెట్టావు.

నాచంటే మనకి చెరువు మెట్ల మీద పాకుడే గుర్తొస్తుంది గానీ, సముద్రపు నాచు మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేసింది. పుడ్డింగుకి వాడే చైనా గ్రాస్ ఎర్ర నాచుదే. కొన్ని టూత్‌పేస్టుల్ని చిక్కగా ఉంచే కారజీనన్ కూడా అంతే. తమిళనాడులో రామనాథపురం తీరాన ఆ నాచుని వెదురు తెప్పలకి కట్టి పెంచుతారు, ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. గోధుమరంగు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌తో పుండ్లకి కట్లు కూడా తయారుచేస్తారు. పచ్చిపుండు మీద వేసేదానికి మొహం మీద భయమేంటే? క్రీముల్లో వీటి పని చాలావరకు చిక్కదనం ఇవ్వడం, తేమ నిలపడం. ముడతలు మాయమవుతాయని అట్టపెట్టె మీద రాసింది మాత్రం నేను నమ్మను.

క్యాన్సర్ మాట పొలిజీనన్ గురించి. కారజీనన్‌ని ఆమ్లంలో కాచి ముక్కలు చేస్తే వచ్చే వేరే సరుకది, క్రీములో వేసేది అది కాదు. మొటిమల భయమేమో చాలావరకు కుందేళ్ల చెవులకి పూసి చూసిన పాత పరీక్షల పుణ్యం. వాటి చెవి మన చర్మం కంటే చాలా తేలిగ్గా పూడుకుపోతుంది.

థైరాయిడ్ మాటలో మాత్రం కొంత నిజముంది, కాకపోతే అది తినేదాని గురించి. కెల్ప్ అనే నాచులో అయోడిన్ విపరీతం, అది మితిమీరితే థైరాయిడ్ తేడా చేయొచ్చు. క్రీముతో పాటు అంటగట్టారన్నావే ఆ కెల్ప్ మాత్రలు, మీ డాక్టర్నడక్కుండా ఒక్కటి కూడా వేసుకోకు. అసలు ఆడపడుచు గొడవ పడాల్సింది వాటి మీద!

ఇక దద్దుర్లు, దురద లాంటివి ఎక్కువగా సెంటు వల్ల, నిల్వకి కలిపే మందుల వల్ల వస్తాయి. మోచేతి మడత దగ్గర రోజుకి రెండుసార్లు, ఓ వారం పది రోజులు రాసి చూసి, ఏమీ కాకపోతే అప్పుడు మొహానికి పూయి. ఈలోపు డబ్బా వెనక ఏమేం కలిపారో రాసిన పట్టీ ఫోటో తీసి పంపు, ఎక్కువ కలిపింది పైన రాస్తారుగా. నాచు పేరు ఎక్కడో అడుగున ఉండి, పర్ఫ్యూమ్ దానికంటే పైన కనిపిస్తే మాత్రం నువ్వు అంత డబ్బూ వాసనకే పోశావని మీ ఆయనతో నేనే చెప్తా.

నీ
సుజాత