సమాధుల మీద వాడిపోని పూలు

సంపాదక మహాశయులకు,

నవంబరు 2న జరుపుకొనే సమాధుల పండుగ దగ్గరపడుతున్నందున, కడపలోని క్రైస్తవ కుటుంబాలకు, ముఖ్యంగా సంఘ పెద్దలకు, మీ పత్రిక ద్వారా ఒక మనవి చేసుకోదలచాను. వారం రోజుల ముందు నుంచే కలుపు తీయించి, సమాధులకు సున్నం కొట్టించి, ఆ సాయంత్రం పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకోవడం మన ఆనవాయితీ. కొన్నేళ్లుగా ఆ పూలలో బంతి, చామంతి తగ్గిపోయి ప్లాస్టిక్ దండలు, థర్మాకోల్ చక్రాలు పెరుగుతున్నాయి. నా మనవి వాటి గురించే.

ఒకరిని అనే ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి. మూడేళ్ల కిందట నా భార్య సమాధి మీద మూడు వందల యాభై రూపాయలు పోసి కొన్న ప్లాస్టిక్ గులాబీల దండ పెట్టి వచ్చాను. మోకాళ్ల నొప్పులతో మాటిమాటికీ వెళ్లలేను కదా, ఇవైతే ఏడాది పొడవునా ఉంటాయని అనుకున్నాను. కడప ఎండ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసినవాడిని అలా అనుకోవడం నా తెలివితక్కువతనమే. మే నెలలో వెళ్లి చూస్తే ఎర్ర గులాబీలు సున్నపు రంగుకు తిరిగి ఉన్నాయి. తీయబోతే రేకులు వేళ్ల మధ్య అప్పడాల్లా విరిగాయి. లోపలి ఇనుప తీగ తుప్పు పట్టి, ఆమె పేరు చెక్కిన చోట రాతి మీద గోధుమరంగు చార దిగింది. రెండుసార్లు రుద్దించినా ఆ చార పూర్తిగా పోలేదు.

ఆమెకు ఇష్టమైన పువ్వు గడ్డిగులాబి. పగిలిన సిమెంటు తొట్టిలో పెంచేది. పొద్దెక్కి ఎండ పడితే గానీ అది విచ్చుకోదు, మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుపోతుంది, అదే పువ్వు మరునాడు మళ్లీ పూయదు. ఇంటికి ఎవరు వచ్చినా ఒక కొమ్మ తుంచి చేతిలో పెట్టి, మట్టిలో గుచ్చితే చాలు బతుకుతుందని చెప్పేది. తుంచిన కొద్దీ తొట్టి నిండేదే తప్ప తగ్గేది కాదు. ‘సర్వశరీరులు గడ్డిని పోలినవారు, వారి అందమంతా గడ్డిపువ్వు వంటిది’ అన్న యెషయా ప్రవక్త మాటను యేసు శిష్యుడు పేతురు బైబిల్లోని తన మొదటి పత్రికలో, అంటే లేఖలో, తిరిగి చెప్పాడు. యాకోబు పత్రికలో అదే గడ్డిపువ్వును ఎండ, వడగాలి మాడ్చివేస్తాయి. వడగాలి అంటే ఏమిటో మన జిల్లాలో ఏ బోధకుడూ వ్యాఖ్యానం చెప్పనక్కరలేదు.

నేను ఈ మాట అంటే మా సంఘంలో ఒక మిత్రుడు, పేతురే ‘వాడబారని మహిమ కిరీటము’ అని కూడా అన్నాడు కదా, వాడని పూలు దానికి గుర్తు అనుకోరాదా అని అడిగారు. మంచి ప్రశ్నే. అయితే పేతురు ఆ కిరీటం మాట ఎవరితో అన్నాడో చూడాలి. అదే లేఖ అయిదో అధ్యాయంలో సంఘ పెద్దలతో, లాభాపేక్ష లేకుండా ఇష్టపూర్వకంగా మందను కాయమని చెబుతూ అన్న మాట అది. అంటే వాడిపోనిది సేవలో ఉందన్నాడే తప్ప, పూలు వాడకూడదని అనలేదు. లండన్ మిషన్ వారు పెట్టిన జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో నేను పుట్టాను. నా తల్లికి పురుడు పోసిన వారెవరూ ఈనాడు లేరు, వారి సమాధులు ఎక్కడున్నాయో కూడా నాకు తెలియదు, కానీ డెబ్బై ఏళ్లు దాటిన నేను ఇక్కడ కూర్చుని ఈ లేఖ రాస్తున్నాను.

అలాగని పూలే మానేసి ఆ డబ్బు పేదలకు ఇవ్వండి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ మాట మొదట అన్నవాడు యేసును పట్టించిన శిష్యుడు యూదా. బేతనియలో మరియ అచ్చ జటామాంసి అత్తరు యేసు పాదాలకు పూసినప్పుడు, మూడు వందల దేనారాలకు దీన్ని అమ్మి పేదలకు ఇవ్వకపోయారేమని అతడు అడిగాడు. ఒక దేనారం ఒక కూలి దినవేతనం కనుక అది ఇంచుమించు ఏడాది సంపాదన. ‘నా భూస్థాపన దినానికి ఆమె దాన్ని ఉంచింది, పేదలు ఎప్పుడూ మీతోనే ఉంటారు’ అని యేసు బదులిచ్చాడు. కాబట్టి చనిపోయినవారికి పువ్వు పెట్టడం దండగ కాదు, పేదల పని ఆ ఒక్కరోజుతో తీరేదీ కాదు.

పువ్వు మానకుండా ప్లాస్టిక్ మానడం మన చేతిలో ఉంది. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు, అయినా అది సమాధుల మీదికి వస్తూనే ఉంది. సంఘ పెద్దలు గేటు దగ్గరే దాన్ని ఆపించాలి. నవంబరులో చామంతి దండిగా దొరుకుతుంది. రోడ్డు పక్కన కూర్చుని మూరల లెక్కన మాల కట్టి అమ్మే ఆడవాళ్ల దగ్గర రెండు మూరలు కొంటే ఆ ఇంట్లోనూ పొయ్యి వెలుగుతుంది, దండకు పెట్టే డబ్బులో సగానికి పైగా మిగులుతుంది. మిగిలినదాన్ని ఏం చేయాలో చెప్పడానికి నేను పెద్దవాడిని కాను గానీ, నా భార్య ఏం చేసేదో చెప్పగలను. వారానికి ఒకరోజు రెండు క్యారియర్లలో చారన్నం పెద్దాసుపత్రికి తీసుకువెళ్లేది. అది రోగులకు కాదు, వారి వెంట ఊళ్ల నుంచి వచ్చి మెట్ల మీద పడుకునేవారికి. రోగికి లోపల భోజనం పెడతారు, తోడు వచ్చినవారిని తిన్నారా అని అడిగేవారు ఉండరని ఆమె అనేది.

ఇంకొకటి. మనం ఆ స్థలాన్ని సమాధుల తోట అంటాము, తీరా చూస్తే అందులో కంపచెట్లు తప్ప మొక్క ఉండదు. యేసును ఉంచిన కొత్త సమాధి ఒక తోటలోనే ఉందని యోహాను రాశాడు. ఆదివారం వేకువన మగ్దలేనే మరియ తిరిగి లేచిన ఆయనను చూసి తోటమాలి అనుకున్నది అందుకే. పెద్దలు ఒక కుళాయి పెట్టించి, సమాధుల మధ్య నందివర్ధనమో గన్నేరో నాటనిస్తే, వారానికి రెండు రోజులు నీళ్లు పోయడానికి నాలాంటి విశ్రాంత ఉద్యోగులు నలుగురైదుగురు సిద్ధంగా ఉన్నాము.

ఆ పాత తొట్టి ఇంకా మా వాకిట్లోనే ఉంది. ఈ పండుగకు దానిలోని గడ్డిగులాబీలనే తీసుకువెళతాను. మా ప్రార్థన సాయంత్రం అయిదింటికి కనుక ఆ వేళకు అవి ముడుచుకునే ఉంటాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కడప