విషయం: అతిథుల జాబితా తారుమారైందని మొత్తుకుంటున్నా పట్టించుకోకపోవడం గురించి

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరాన్ని మీ చాట్‌లో పెట్టకుండా స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. చాట్‌లో నేను రాసిన ప్రతిదాన్నీ ఎవరో ఒకరు 'పరిష్కారమైంది' అని మూసేస్తున్నారు. దీన్నైనా ఒక మనిషి చివరిదాకా చదవాలని నా కోరిక.

అసలు జరిగింది చిన్న విషయమే. మా పాప ఏడో పుట్టినరోజుకి మీ యాప్ నుంచి ఆహ్వానాలు పంపాను. మధ్యలో యాప్ అప్‌డేట్ అయింది. అప్పటికే 'వస్తున్నాం' అని చెప్పిన కొన్ని కుటుంబాలు ఉన్నట్టుండి 'రావడం లేదు' కిందికి వెళ్లిపోయాయి. పైగా 'మీరు రాలేకపోతున్నందుకు బాధగా ఉంది' అని నా పేరు మీద వాళ్లకి మెసేజ్ వెళ్లింది. వస్తామని చెప్పినవాళ్లకి అది చదివితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఒకావిడ ఫోన్ చేసి, "మమ్మల్ని వద్దనుకుంటే నేరుగా చెప్పొచ్చు కదండీ" అంది. నాకు నోట మాట రాలేదు.

సాఫ్ట్‌వేర్ అన్నాక తప్పులు దొర్లుతాయి. ఆ ఒక్కదానికే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఆ తర్వాత మీ వాళ్లు నన్ను ఎలా తిప్పారో మీకు తెలియాలనే రాస్తున్నాను.

ముందు చాట్‌బాట్. అందులో కొత్త ఆహ్వానం, డిజైన్ మార్పు, చెల్లింపు అని ఆప్షన్లు ఉన్నాయి. అతిథుల జవాబు తప్పుగా పడిందని చెప్పుకోవడానికి చోటే లేదు. 'మనిషితో మాట్లాడాలి' అని టైప్ చేస్తే బెలూన్ల డిజైన్లు చూపించింది. మళ్లీ అదే టైప్ చేస్తే డైనోసార్లు చూపించింది. ఎట్టకేలకు ఒకతను వచ్చి స్క్రీన్‌షాట్ అడిగాడు. పంపాను. "చూసి చెప్తాను మేడమ్" అని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. అతని స్థానంలో వచ్చినావిడ కూడా స్క్రీన్‌షాటే అడిగింది. పైన ఉంది చూడమన్నాను. "అది నాకు కనిపించదు మేడమ్" అంది. మళ్లీ పంపాను, మొత్తం మళ్లీ చెప్పాను. అంతా విని, "అతిథులే మనసు మార్చుకుని ఉంటారు" అని తేల్చేసింది. ఆ అతిథులే ఫోన్ చేసి నన్ను నిలదీస్తున్నారని చెప్తే, "సిస్టమ్‌లో అలాగే ఉంది" అంది. అంటే ఇంతమంది తల్లిదండ్రులు, నేను, అందరం అబద్ధాలాడుతున్నాం, మీ సిస్టమ్ మాత్రం నిజం చెప్తోందా?

ఇంకొకతను, తప్పుగా ఉన్న పేర్లు తీసేసి మళ్లీ చేర్చమన్నాడు. అలా చేస్తే వాళ్లకి ఏమైనా మెసేజ్ వెళ్తుందా అని ముందే అడిగాను. "ఏమీ వెళ్లదు మేడమ్, నేను గ్యారంటీ" అన్నాడు. అతని మాట నమ్మి ఒక పేరు తీశాను. ఆ కుటుంబానికి 'మీ ఆహ్వానం రద్దయింది' అని మెసేజ్ వెళ్లింది. మళ్లీ చేర్చగానే కొత్త ఆహ్వానం వెళ్లింది. దాంతోపాటు ఆ పేరు పక్కన నేను రాసుకున్న నోట్ కూడా పోయింది. 'వేరుశనగ పడదు' అని ఆ నోట్‌లో ఉంది.

ఇది మీ వాళ్లకి ఎంత చెప్పినా ఎక్కలేదు. వేరుశనగ అలర్జీ తీవ్రంగా ఉన్న పిల్లలకి అది కొంచెం నోట్లోకి వెళ్లినా నిమిషాల్లో ఊపిరి అందని పరిస్థితి రావచ్చు. పిల్లల పార్టీకి రాసుకునే జాబితాలో పేర్లొక్కటే ఉండవు. ఎవరికి ఏం పడదు, ఎవరితో తమ్ముడో చెల్లో వస్తున్నారు, ఏ పిల్లాడి అమ్మ దింపేసి వెళ్లిపోతుంది, వాడిని మళ్లీ తీసుకెళ్లడానికి ఎవరొస్తారు, మధ్యలో ఏదైనా అయితే ఏ నంబరుకి ఫోన్ చేయాలి, ఇవన్నీ అందులోనే ఉంటాయి. వేరేవాళ్ల పిల్లలు కాసేపు మన చేతుల్లో ఉంటారు. నోట్ పోయిందని నేను కంగారుపడుతుంటే మీ ఉద్యోగి ఇచ్చిన సమాధానం: "నోట్స్ ఆప్షనల్ ఫీల్డ్ మేడమ్, వాటికి మా బాధ్యత ఉండదు."

తర్వాత ఇంకొకరు జాబితాని ఫైల్‌గా దించుకుని ఎక్సెల్‌లో సరిచేసుకోమన్నారు. తెరిస్తే దేశం కోడ్‌తో కలిపి 12 అంకెలుండే ఫోన్ నంబర్లన్నీ కుదించుకుపోయి చుక్కలు, ప్లస్ గుర్తులతో కనిపించాయి. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టి తెరవాలని నేనే వెతికి తెలుసుకున్నాను. చెప్పాల్సింది మీరు కాదా?

ఫోన్ చేస్తే సంగీతం వినిపించి, కాసేపయ్యాక లైన్ కట్ చేస్తారు. సూపర్‌వైజర్ గారు తిరిగి ఫోన్ చేస్తారన్నారు. ఆయన ఫోన్ నేటికీ రాలేదు. మెయిల్ వస్తుంది గానీ దాని కింద 'దీనికి జవాబివ్వకండి' అని ఉంటుంది. సమస్య ఏమిటో వినకముందే ప్రతి ఒక్కరూ 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అంటారు. విన్నాక ఇంకొకరి మీదికి నెట్టేసి చేతులు దులుపుకుంటారు. కథ మళ్లీ మొదటికే వస్తుంది. చివరికి 'మీ సమస్య పరిష్కారమైంది, మాకు ఎన్ని స్టార్లిస్తారు?' అని అడిగారు. అది చూసినప్పుడు వచ్చినంత కోపం నాకు జాబితా పాడైనప్పుడు కూడా రాలేదు.

మా పాప మొదటి పుట్టినరోజు నుంచి నేను మీ యాప్ వదల్లేదు. ఉచితంగా దొరికేవి ఎన్నో ఉన్నా డబ్బు కట్టే వాడుతున్నాను. పాప క్లాసులో చాలామంది తల్లిదండ్రులు నా మాట మీదే మీ దగ్గరికి వచ్చారు. ఇప్పుడు వాళ్లలోనే కొందరికి నేను మొహం చూపించలేకపోతున్నాను. నోట్‌బుక్ ముందేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తప్పు నాది కాదని బతిమాలినట్టు చెప్పుకున్నాను. కొందరు నమ్మారు. ఒకరు "సరేలెండి" అని పెట్టేశారు. వాళ్లబ్బాయి పార్టీకి రాలేదు. "నేను పిలిచాను కదమ్మా, వాణ్ణి వద్దని ఎవరన్నారు?" అని పాప అడిగితే ఏం చెప్పాలో మీరే చెప్పండి.

కట్టిన డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, అదీ వదిలిపెట్టను. ముందు ఆ కుటుంబాలకి మీ కంపెనీ పేరు మీద, తప్పు మీదేనని రాతపూర్వకంగా చెప్పండి. నేను చెప్తే సాకులా వినిపిస్తోంది. ఆ జాబితాలోని పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆరోగ్య వివరాలు మీ సర్వర్లలోంచి పూర్తిగా తీసేసి, తీసేశామని రాసివ్వండి. మీ చేతుల్లో అవి ఉండటం నాకు ఇష్టం లేదు. దీనికీ స్పందన రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, వ్యక్తిగత డేటా విషయం చూసే అధికారులకూ రాస్తాను. మీ వాళ్లతో జరిగిన సంభాషణలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి, ప్రింట్లు దీనికి జతచేశాను. నా మాట మీద మీ యాప్‌లో చేరిన ప్రతి తల్లికీ వాటిని చూపిస్తాను.

ఇంకో టికెట్ నంబరు పంపకండి. పేరు, హోదా, సంతకం ఉన్న జవాబు కావాలి.

ఇట్లు,
మీ పాత కస్టమర్, ఒక ఏడేళ్ల పాప తల్లి