ఐటీ శాఖ మంత్రి గారికి నల్లగొండ నుంచి ఒక ఉత్తరం: పటిక వేసే మనిషికి కూలి ఇవ్వండి

నమస్తే సార్,

పోయిన ఏడాది మా పాలిటెక్నిక్ బ్యాచ్ వాళ్లం 41 మందిమి కలిసి 3,12,000 రూపాయలు పోగు చేశాం. గుడికి కాదు, బడికి కాదు, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి, అంటే ఎవరైనా ఊకెనే వాడుకోగలిగే, లోపలి కోడ్ చూసి దిద్దగలిగే సాఫ్ట్‌వేర్‌కి. మా నాన్నకు చెప్తే "ఊకె వచ్చేదానికి పైసలు కట్టుడేందిరా" అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ డబ్బు ఎట్లా ఖర్చు పెట్టాలో తేల్చుకోవడానికి మేం పడ్డ తిప్పలు, చివరికి ఎక్కడ ఆగిపోయామో మీకు చెప్దామని ఇది రాస్తున్నా, ఎందుకంటే మేం ఆగిన చోటు నుంచి ముందుకు నడిపించగలిగింది మీ శాఖే.

ఒక ఆదివారం గడియారం సెంటర్ దగ్గర ఒక హోటల్ మేడ మీద కూర్చున్నాం. ఒకడు కొత్త తెలుగు కీబోర్డు యాప్ చేద్దాం, దానికి మన బ్యాచ్ పేరు పెడదాం అన్నాడు. ఒకామె పిల్లలకు ల్యాప్‌టాప్‌లు కొందామంది (మంచి పనే, కానీ మేం డబ్బు అడిగింది దానికోసమని కాదు). హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు హాకథాన్, అంటే అందరూ ఒకచోట కూర్చుని ఒకట్రెండు రోజుల్లో సాఫ్ట్‌వేర్ రాసే పోటీ, పెడదామన్నారు. హాలు, బ్యానర్, టీషర్టులు, బిర్యానీ, ఫోటోలు. లెక్క వేస్తే సగం డబ్బు తిండికే పోయేట్టుంది. టీషర్టుల ముచ్చట 2020 అక్టోబరులోనే లోకమంతా చూసింది సార్: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామని ఒక కార్యక్రమం పెడితే, ఎక్కడో ఒక మాట అటూ ఇటూ మార్చి పంపినవాళ్లు కుప్పలు తెప్పలు, వాటిని ఏరి పారేయలేక ప్రాజెక్టులు చూసుకునేవాళ్లు మొత్తుకున్నారు. అందులో మన దేశపు పిల్లలూ తక్కువేం లేరు.

గంటన్నర గొడవయ్యాక, ల్యాప్‌టాప్‌లు అడిగిన ఆమే నోట్‌బుక్ తీసి మధ్యలో గీత కొట్టింది. ఎడమ పక్క మనం రోజూ వాడేవి, కుడి పక్క వాటిని ఎవరు చూసుకుంటున్నారో రాయమంది. ఎడమ పక్క చకచకా నిండింది. హార్ఫ్‌బజ్, అంటే గుణింతాలను, ఒత్తులను వాటి చోట్లలో కూర్చేది, ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో పని చేసేది అదే. ఫోటోలోని అక్షరాలు చదివే టెసరాక్ట్. లోహిత్, మండలి లాంటి ఫాంట్లు. కుడి పక్కకు వచ్చేసరికి పెన్ను ఆగింది. కొన్నిటికి ఒకరిద్దరి పేర్లే దొరికాయి, అదీ ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్లు చూసుకునేవాళ్లు.

ఒత్తులే గదా అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, మీకూ గుర్తుండొచ్చు. అది తలుపులు మూసిన సాఫ్ట్‌వేర్, ఆపిల్ వాళ్లు సరిచేసి పంపేదాకా ఎదురుచూడ్డమే. తలుపులు తెరిచి ఉన్నదైతే దేవరకొండలో కూర్చున్న అమ్మాయి కూడా తప్పు దిద్ది పంపొచ్చు, కానీ ఆమె పంపింది చదివి, పరీక్షించి, లోపలికి తీసుకునే మనిషి అవతల ఉండాలి కదా, జీతం లేనిది ఆ మనిషికే.

2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు తెలిసింది, వెబ్‌సైట్లకు మనం పంపే వివరాలు మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే, ఎన్నో బ్యాంకుల వెబ్‌సైట్లు కూడా నమ్ముకున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏడాదికి వస్తున్న విరాళాలు రెండు వేల డాలర్ల దగ్గరే అని. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) సంగతి వింటే ఇంకా టెన్షన్. ఏళ్ల తరబడి ఒక్కడే చూసుకుంటున్నాడు, మానసికంగా బాగాలేదని చెప్పుకున్నా జనం ఇంకెప్పుడు ఇంకెప్పుడు అని సతాయించారు, చివరికి సాయం చేస్తానని వచ్చినవాడి చేతికి తాళాలిచ్చాడు. వాడే దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వబట్టి దొరికింది గానీ లేకపోతే అంతే సంగతులు.

చూసుకునే మనిషి లేక పని చెడడం మన జిల్లాకు కొత్త కాదు సార్. తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేసే "నల్లగొండ టెక్నిక్" నాగపూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, అంతే. మన ఊరి పేరుతో ఇథియోపియా, టాంజానియా దాకా పోయింది. కానీ పటిక ఎంత వేయాలో నీళ్లను బట్టి చూసుకోవాలి, అడుగున పేరుకున్న బురద తీసిపారేయాలి. ఆ పని చూసే మనిషి లేని చోట ట్యాంకు ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, తాగేది మాత్రం ఆ పాత నీళ్లే. మా నాన్న ఫ్లోరైడ్ నీళ్ల మర్రిగూడ మనిషి. పద్ధతి ఊకెనే వచ్చింది గానీ పటిక వేసేటాయనకు కూలి ఇయ్యాలె గదా అని నేనంటే, మళ్లీ ఒక్క మాట అడగలేదు.

అట్లా తేల్చుకున్నాం: కొత్తది ఏదీ కట్టొద్దు, ఉన్నదాన్ని బాగుచేసేవాళ్లకే ఇద్దామని. ఫాంట్లలో, టెసరాక్ట్ తెలుగులో తప్పులు దిద్దే కుర్రవాడికి నెలకు 15,000 చొప్పున ఏడాదికి 1,80,000. పాత పుస్తకాల పేజీలు స్కాన్ చేసి, మెషిన్ చదివింది సరిగా ఉందో లేదో చూసిన ముగ్గురు డిగ్రీ పిల్లలకు 60,000. తప్పూ చేశాం. పిల్లలకు మొదటి రెండు నెలలు దొరికిన ఒక్కో తప్పుకు ఇంత అని రేటు పెడితే అందరూ సులువైనవే ఏరుకున్నారు, "క్ష్మ" లాంటి మొండివాటిని ఎవరూ ముట్టలేదు, తర్వాత నెల జీతానికి మారాం.

మిగిలింది 72,000. మేం వాడే ఒక ప్రాజెక్టును చూసుకుంటూ విదేశంలో ఉన్న ఒక నిర్వాహకుడికి పంపుతామంటే, డబ్బు వద్దు, వచ్చే ఫిర్యాదులు చదివిపెట్టే మనిషిని ఇవ్వండి అన్నాడు. ఇవ్వగలమా? నెల నెలా జీతం ఇవ్వాలంటే మా చందాలు చాలవు.

అందుకే సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సమాజానికి ఖర్చు పెట్టాల్సిన డబ్బు, వైపు చూశాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఒక సిమెంటు కంపెనీలో అడిగితే, ఆ డబ్బు వేటికి ఇవ్వొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్‌లో సాఫ్ట్‌వేర్ అన్న మాటే లేదు, పైగా ఆ డబ్బు తీసుకునే సంస్థలకు ఉండాల్సిన సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషనూ మీకు లేదు అన్నారు. వాళ్ల తప్పేం లేదు. డాలస్‌లో ఉన్న మా బ్యాచ్ మేట్ పెద్ద మొత్తం ఇస్తానన్నాడు కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు కాబట్టి, మేం సంఘంగా తీసుకుంటే అది విదేశీ విరాళం లెక్కలోకి వస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి కావాలి. ఆడిటర్ ఫీజుకే మా చందా అయిపోయేట్టుంది.

అదే ఏడో షెడ్యూల్ తొమ్మిదో అంశం చూడండి సార్. కేంద్రమో రాష్ట్రమో నిధులిచ్చే సైన్స్, టెక్నాలజీ పరిశోధన ప్రాజెక్టుకు కంపెనీలు సీఎస్‌ఆర్ డబ్బు ఇవ్వొచ్చు. మీ శాఖ ముందు పది లక్షలు పెట్టి, తెలుగు ఓపెన్ సోర్స్ మరమ్మతు మీద పాలమూరు యూనివర్సిటీలోనో, మా మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో ఒక పరిశోధన ప్రాజెక్టు మొదలుపెడితే, కంపెనీల డబ్బు రావడానికి దారి పడుతుంది. సీఎస్‌ఆర్ పని దేశం లోపలే జరగాలి కాబట్టి ఆ జీతాలు మన పిల్లలకే, ఆ నిర్వాహకుడు అడిగిన ఫిర్యాదులు చదివే మనుషులు మన దగ్గర నుంచే పోతారు. జర్మనీ ప్రభుత్వం 2022లోనే ఇట్లాంటి నిధి పెట్టింది. మన దగ్గర షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024లో ఓపెన్ సోర్స్‌కు ఏటా పది లక్షల డాలర్లు ఇస్తామంది. అంత అడగట్లేదు.

పెట్టేట్టయితే నావి రెండు మూడు మొండి కోరికలు. డబ్బు ఎవరికో తేల్చే కమిటీలో డబ్బు తీసుకునేవాళ్లు కూర్చోవద్దు. ఒక్క ఏడాదికి ఇచ్చి చేతులు దులుపుకోవద్దు, కనీసం రెండేళ్లు. ప్రారంభోత్సవం వద్దు, యాప్ అసలే వద్దు. లెక్కలు మూడు నెలలకోసారి అందరికీ కనపడేట్టు పెట్టాలి.

72,000 ఇంకా బ్యాంకులోనే ఉంది. నల్లగొండ వైపు వచ్చినప్పుడు ఒక అరగంట ఇవ్వండి, గీత కొట్టిన ఆ నోట్‌బుక్ తెచ్చి చూపిస్తాం.

ఇట్లు,
పాలిటెక్నిక్ పాత విద్యార్థుల తరఫున ఒకడు,
నల్లగొండ