తీరప్రాంత బడుల్లో తొట్టె ప్రయోగాలకు ఒక రోజు కేటాయించాలి

సంపాదకులకు నమస్కారం.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు పది రోజులపాటు పుస్తకాల సంచి లేని బడి ఉండాలని, ఆ రోజుల్లో వారు వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు వంటి స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని జాతీయ విద్యా విధానం 2020 సూచించింది. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు సముద్రాన్ని ఆనుకుని ఉన్న మన ఊళ్లలో ఆ నిపుణుల వరసలో మత్స్యకారులు తప్పక ఉండాలి. ఆ పది రోజుల్లో కనీసం ఒక రోజును, సముద్ర జీవులు నీటిలో ఎలా కదులుతాయో పిల్లలు స్వయంగా చేసి తెలుసుకోవడానికి కేటాయించాలని విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

నేను భీమునిపట్నం ప్రాంతంలో చాలాకాలం విజ్ఞానశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ప్రతి చర్యకూ దానికి సమానమైన ఎదురు చర్య ఉంటుందని చెప్పే న్యూటన్ మూడో గమన నియమం వచ్చినప్పుడల్లా అందరిలాగే నేనూ రాకెట్‌నే ఉదాహరణగా చెప్పేవాణ్ని. ఒక ఏడాది, వేటకు వెళ్లే కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడొకడు లేచి, వాళ్ల నాన్న వలలోంచి స్క్విడ్ అనే మెత్తని ఒంటి సముద్ర జీవిని తీస్తుంటే అది ముఖం మీదికి నీళ్లు చిమ్మిందని, నీటిలో ఉన్నప్పుడు వెనక్కి దూసుకుపోతుందని చెప్పి, అది కూడా రాకెట్ లాంటిదేనా మాస్టారూ అని అడిగాడు. రాకెట్‌ను ఎన్నడూ దగ్గరగా చూడని పిల్లలకు రాకెట్ గురించి చెబుతూ, వాళ్ల ఇంటి ముందు గంపలో ఉన్న జీవిని ఇన్నేళ్లూ పట్టించుకోలేదే అని నాకు చాలా బాధ కలిగింది. మర్నాడే ఒక పొడవాటి ప్లాస్టిక్ తొట్టె, కొన్ని బెలూన్లు, కొబ్బరి బొండాల దుకాణంలో దొరికే స్ట్రాలు తీసుకుని తరగతికి వెళ్లాను.

చేయవలసింది చాలా తక్కువ. బెలూన్ మూతిలో చిన్న స్ట్రా ముక్కను దూర్చి, నీరు కారకుండా రబ్బరు బ్యాండుతో బిగించి, కుళాయి దగ్గర పట్టి నీటితో నింపాలి. స్ట్రా చివరను వేలితో మూసి, బెలూన్‌ను తొట్టెలోని నీళ్లలో ముంచి వేలు తీసేయాలి. స్ట్రాలోంచి నీరు ఒకవైపు చిమ్ముతుంటే బెలూన్ దానికి ఎదురు దిక్కున కదులుతుంది. స్క్విడ్ చేసేదీ ఇదే. ఒంటిని చుట్టి ఉన్న కండర సంచిలోకి నీటిని తీసుకుని, సంచి అంచును బిగించి, తల కింద ఉండే గరాటు వంటి గొట్టంలోంచి ఆ నీటిని బలంగా వదులుతుంది. ఆ గొట్టాన్ని ఎటు తిప్పితే దానికి ఎదురు దిక్కున సాగుతుంది. మెడ వంగే స్ట్రా పెట్టి చూడమంటే బెలూన్ గుండ్రంగా తిరగడం పిల్లలే కనిపెట్టారు. వెడల్పు స్ట్రాతో నీరు త్వరగా అయిపోతుందని, సన్నని స్ట్రాతో ఎక్కువసేపు వస్తుందని కూడా వాళ్లే చెప్పారు. బెలూన్ ఖాళీ అయి ఆగిపోయినప్పుడు, మరి స్క్విడ్‌కు మళ్లీ నీళ్లు ఎవరు నింపుతారని ఒక అమ్మాయి అడిగింది. నా బోధనా జీవితంలో విన్న మంచి ప్రశ్నల్లో అది ఒకటి. కండరాలు వదులై సంచి విప్పారినప్పుడు నీరు తిరిగి లోపలికి వస్తుందని, గొడుగులా ముడుచుకుంటూ విప్పుకుంటూ సాగే జెల్లీ చేపది కూడా దాదాపు ఇదే పద్ధతని అప్పుడు మాట్లాడుకున్నాం.

తర్వాత ప్లాస్టిక్ ఫైలు అట్టను తోక ఆకారంలో కత్తిరించి స్కేలుకు కట్టి, నీటిలో మొదట కుడిఎడమలకు, ఆపైన పైకీ కిందికీ ఆడించాం. మొదటిది చేప తోక, రెండోది డాల్ఫిన్ తోక. రెండూ నీటిలోనే బతుకుతున్నా తేడా ఎందుకంటే, డాల్ఫిన్ పూర్వీకులు నేల మీద తిరిగిన, వెన్ను పైకీ కిందికీ వంగే క్షీరదాలు. పరుగెత్తే కుక్క వెన్ను పైకీ కిందికీ వంగడాన్ని, గోడ మీద పాకే బల్లి ఒళ్లు చేపలాగే పక్కలకు మెలికలు తిరగడాన్ని గమనించి రమ్మంటే, మర్నాడు పిల్లలు బల్లి నడకను నేల మీద పాకి మరీ చూపించారు. సముద్రం లేని తెలంగాణ పల్లెల్లోనూ చెరువు చేపతో, గోడ మీది బల్లితో ఈ పాఠం చెప్పుకోవచ్చు. సూదులు లేని రెండు కొత్త సిరంజిలను నీరు నిండిన సన్నని గొట్టంతో కలిపి, ఒకదాన్ని నొక్కితే రెండోది లేవడాన్ని చూపిస్తే, సముద్ర నక్షత్రం తన వందలాది గొట్టపు పాదాలను నీటి ఒత్తిడితో ఎలా చాపుతుందో అర్థమవుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఈ ప్రయోగాలు తొట్టెలోనే చేయాలి తప్ప బెలూన్లను ఒడ్డుకు తీసుకెళ్లకూడదు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు జెల్లీ చేపలు ఆహారం. నీటిలో తేలే బెలూన్ ముక్కను అవి జెల్లీ చేప అనుకుని మింగే ప్రమాదం ఉంది కనుక, పగిలిన ప్రతి ముక్కనూ పిల్లల చేతే ఏరించాలి. బతికున్న జీవులను పట్టి తేవద్దు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీ చేప చనిపోయినదైనా కుడుతుంది కాబట్టి ముట్టుకోనివ్వవద్దు.

ఇప్పుడు చాలా బడుల్లో పెద్ద తెరలున్నాయి, వాటిలో చక్కని వీడియోలూ వస్తున్నాయి. వాటిని నేను తక్కువ చేయడం లేదు. అయితే నీరు చిమ్ముతున్నప్పుడు బెలూన్ అరచేతిని వెనక్కి నెట్టే ఒత్తిడి తెర మీద తెలియదు. తొమ్మిదో తరగతిలో న్యూటన్ నియమాన్ని చదివేనాటికి ఆ ఒత్తిడి పిల్లల చేతికి ముందే తెలిసి ఉండాలని నా కోరిక. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, ఖర్చు కూడా స్వల్పం. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో వారు ఒకసారి చేసి చూసుకుంటే సరిపోతుంది. ఆ రోజున తెప్ప నడిపే పెద్దలను ఒకరిద్దరిని బడికి పిలిచి, తెడ్డు నీటిని వెనక్కి నెట్టి తెప్పను ముందుకు ఎలా నడుపుతుందో వారి చేతే చెప్పించాలి.

మీ పత్రిక పిల్లల పేజీలో ఈ ప్రయోగాలకు వారానికొకసారి కొద్దిపాటి చోటిస్తే, కావలసిన సామగ్రి, చేసే విధానం బొమ్మలతో సహా రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు,
భీమునిపట్నం