ఆ పాత ఫొటోల కింద అసలు సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివాసీ పిల్లలను ఇంటికి దూరం చేసి, వాళ్ల భాష, సంస్కృతి మాన్పించడానికి కెనడాలో ప్రభుత్వ డబ్బుతో చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ పాఠశాలల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒకే బాలుడివి రెండు ఫొటోలు పక్కపక్కన తరచుగా కనిపిస్తాయి. రెజైనాలో ప్రెస్బిటేరియన్ చర్చి నడిపిన పారిశ్రామిక పాఠశాలలో చదివిన థామస్ మూర్ అనే బాలుడివి అవి. ఒకదానిలో పొడవాటి జడలు, సంప్రదాయ దుస్తులు, చేతిలో పిస్తోలు. రెండోదానిలో పొట్టి క్రాపు, యూనిఫాం, నడుముమీద చేయి వేసుకుని నిలబడిన ఠీవి. ఏ తల్లి బిడ్డ చేతికి పిస్తోలిచ్చి బడికి పంపుతుందో ఆ ఫొటోగ్రాఫరే చెప్పాలి. ఆదివాసీలను 'ఇండియన్లు' అని పిలిచిన కెనడా ప్రభుత్వపు ఇండియన్ వ్యవహారాల శాఖ తన ఘనతను చాటుకోవడానికి 1896 నాటి వార్షిక నివేదికలో అచ్చు వేయించుకున్న ఈ బొమ్మల కింద 'చేరినప్పుడు', 'చదివాక' అని మాత్రమే రాసి వదిలేస్తే, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ శాఖ ప్రచారాన్ని మనమే భుజాన మోసినట్టవుతుంది.

అలాగని ఆనాటి పత్రికలన్నీ నోరు మెదపలేదనడమూ సరికాదు. అదే శాఖలో ప్రధాన వైద్యాధికారిగా ఉన్న పీటర్ బ్రైస్ 1907లో పదిహేను పాఠశాలల లెక్కలు తీసి, 1,537 మంది విద్యార్థుల్లో దాదాపు నాలుగోవంతు చనిపోయారని తేల్చారు. చలికాలంలో ఇంధనం ఆదా చేయడానికి కిటికీలు, తలుపులు మూసే ఉంచేవారనీ, పడకగదుల్లో గాలి ఆడేది కాదనీ రాశారు. ఒట్టావా పత్రిక 'ఈవెనింగ్ సిటిజన్' ఆ నవంబరులోనే దాన్ని పెద్ద శీర్షికతో బయటపెట్టింది. అయినా తలకింత చొప్పున చర్చిలకు గ్రాంటు చెల్లించే పద్ధతి కొనసాగింది. 1920లో ఆదివాసీ పిల్లల హాజరును చట్టమే తప్పనిసరి చేసింది.

2021లో బ్రిటిష్ కొలంబియాలోని కామ్లూప్స్ పాత రెసిడెన్షియల్ పాఠశాల దగ్గర పిల్లల సమాధులు బయటపడ్డాయన్న వార్తను చాలా పత్రికలు 'సామూహిక సమాధి' అని రాసేశాయి. అక్కడి ఆదివాసీ సమాజం మొదట 215 మంది పిల్లల అవశేషాలని ప్రకటించినా, అది సామూహిక సమాధి కాదని చెప్పింది; నేల లోపలికి చూసే రాడార్ సర్వేలో కనబడినవి గుర్తులేని సమాధులై ఉండవచ్చనిపించే చోట్లు మాత్రమేనని తర్వాత తేలింది. ఇలాంటి తొందరపాటు, ఆ పాఠశాలల్లో అసలేమీ జరగలేదని వాదించేవారికే అక్కరకొస్తుంది.

ఆ పాఠశాలల పిల్లలను తలచుకుంటూ సెప్టెంబరు 30న కెనడా పాటించే 'సత్యం, సయోధ్య' దినానికి మీరు వ్యాసం వేస్తే, ప్రతి ఫొటో కింద దాన్ని ఎవరు, ఏ పనికోసం తీయించారో, తెలిసినంతవరకు ఆ పిల్లల పేర్లతో సహా ముద్రించాలని, బ్రైస్ లెక్కలను ఆ పక్కనే ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు